నీళ్ళు తాగిన రాయి

నేను ఒక రాయిని. అయితే నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళెవరూ ఆ మాట వెంటనే నమ్మరు. రాయంటే బరువుంటుందని చెయ్యి ముందే బిగుసుకుంటుంది. ఆ బరువు రాకపోయేసరికి మనుషులు బిత్తరపోయి నన్ను అటూ ఇటూ తిప్పి చూస్తారు, మోసపోయామేమో అన్నట్టు. మోసం నాది కాదు. నా పుట్టుక అలాంటిది.

భూమి లోతుల్లో నేను ఎర్రగా మరిగే గంజిలా ఉండేదాన్ని. చుట్టూ ఉన్న గట్టి రాయికంటే కాస్త తేలిక. వేడెక్కినది ఉబ్బుతుంది, ఉబ్బినది తేలికవుతుంది, తేలికైనది పైకి దారి వెతుక్కుంటుంది. మాకు తెలిసిన ధర్మం అదొక్కటే. పగుళ్ళు వెతుక్కుంటూ, సందు లేనిచోట సందు చేసుకుంటూ ఎక్కాం. దారిలో కొందరు ఆగిపోయారు. ఆగినవాళ్ళు తీరిగ్గా చల్లారారు. తీరిగ్గా చల్లారేవాళ్ళు పటికబెల్లంలా పలుకులు కట్టి, దగ్గరికి ముడుచుకుని, బరువెక్కి అక్కడే స్థిరపడ్డారు. మాలోనే ముందుగా పుట్టిన కొన్ని నల్లటి పలుకులు బరువు మోయలేక అడుక్కి దిగిపోయాయి. వాటిని వదిలించుకున్న కొద్దీ మిగిలిన మేం ఇంకా తేలికయ్యాం.

మాలో ఆవిరి దాగి ఉండేది. పైనున్న బరువు అణిచిపెట్టినంతకాలం అది కిక్కురుమనలేదు. ఎక్కుతూ ఎక్కుతూ సముద్రం అడుగుదాకా వచ్చాక పైన బరువు తగ్గింది. గోళీసోడా కాయలో గోళీ నొక్కితే ఏమవుతుంది? మాకూ అదే అయింది. ఒక్క ఉదుటున ఒళ్ళంతా నురుగైపోయింది. అక్కడ సముద్రం పెద్ద లోతు లేదు. నీటిని చీల్చుకుని ఆకాశంలోకి ఎగిరిపడ్డాం. అప్పటిదాకా చీకటీ ఎరుపూ తప్ప మరేమీ ఎరగని నాకు నీలం రంగు కనిపించింది. అది ఏమిటో అర్థం కాకముందే చల్లారిపోయాను. పలుకు కట్టే వ్యవధి కూడా లేదు. నురుగు నురుగుగానే గాజైపోయింది.

నా పక్కనుంచి విడిపోయిన ముక్క ఒకటి ఉంది. అది లోపల ఇంకా ఎర్రగా ఉండగానే నీళ్ళలో పడింది. చల్లటి నీళ్ళు తగలగానే దాని బుడగల్లోని ఆవిరి కుంచించుకుపోయింది. ఆ ఖాళీల్లోకి సముద్రాన్ని పీల్చుకుంది. చుయ్‌మంటూ కిందికి దిగిపోయింది. నేను గాలిలోనే చల్లారి, గాలిని లోపల ఉంచుకునే పడ్డాను కాబట్టి తేలాను. మా ఇద్దరికీ తేడా చల్లారిన చోటులో ఉంది, మంచీచెడ్డల్లో లేదు. మనుషులు మాత్రం తర్వాత వేరేగా అర్థం చెప్పుకున్నారు.

నాలాంటివి లెక్కలేనన్ని తేలాయి. కందిబద్దంతవి, జామకాయంతవి, గుమ్మడికాయంతవి. నేను జామకాయంత. గాలీ నీటివాలూ మమ్మల్ని ఒకచోటికి నెట్టాయి. మొదట కళ్ళం అంత అయ్యాం, తర్వాత ఊరంత అయ్యాం. ఒకదాన్నొకటి రాసుకుంటూ, బియ్యం చెరిగినట్టు గరగరమని చప్పుడు చేసుకుంటూ బంగాళాఖాతంలో సాగిపోయాం. దూరం నుంచి చూస్తే అచ్చం ఇసుకదిబ్బే.

అరిజిల్లి కొర్లయ్య అలాగే అనుకున్నాడు.

కొర్లయ్య విశాఖపట్నానికి ఎగువన ఒక జాలరిపేట మనిషి. మరబోటు నడిపే సరంగు. యాభై దాటలేదు గానీ కళ్ళ చుట్టూ చర్మం ఎండుచేపలా ముడతలు పడింది. నీటి రంగు చూసి అడుగున బురదా ఇసుకా చెప్పగలడని పేరు. ఆ కళ్ళను నమ్ముకునే బోటు పనివాళ్ళు, కళాసీలు, అతనితో వేటకొచ్చేవాళ్ళు. అతని బామ్మర్ది ఎల్లాజీ కూడా వాళ్ళలో ఒకడు. తల్లి పోయాక అక్క నూకరత్నం చేతి ముద్ద తిని పెరిగినవాడు, నిరుడే పెళ్ళైనవాడు. బోటు మీద నోరు మూసుకుని ఉండలేని మనిషి. వాడు మాట్లాడకపోతే ఇంజను ఆగిందనుకుంటాం అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళట.

ఆ పొద్దున మంచు తెర పలచగా ఉంది. ముందు ఇంజను వేడెక్కింది. ఇంజను చూసే దానయ్య, బోటు మీద అందరికంటే వయసులో పెద్ద, పొగ చూసి కంగారుగా ఆపేశాడు. ఇంజనును చల్లార్చే సముద్రపు నీరు గొట్టంలోకి రావడం లేదు. ఎందుకు రావడం లేదో చూద్దామని లేచేసరికి అందరి చూపూ బయటికి పోయింది. అలల చప్పుడు లేదు. బోటు చుట్టూ, కనుచూపు మేర, బూడిదరంగు నేల.

కొర్లయ్య అంచు పట్టుకుని వంగి చూశాడు. ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్న దారిలో గట్టు పుట్టడం అతను ఎరగడు. లోతు చూపించే పెట్టె కింద ఇంకా బోలెడు నీళ్ళున్నాయని చెబుతోంది. పెట్టెను అరచేత్తో రెండుసార్లు కొట్టాడు. అది అదే చెప్పింది. పెట్టె చెడిపోయిందనుకున్నాడు. కళ్ళు చెడిపోయాయని ఏ మనిషీ అనుకోడు కదా. మా మీద ఒక సముద్రపు కాకి వాలింది. అది నిలబడింది. దాంతో అతనికి ఉన్న అనుమానం కూడా పోయింది.

ఎల్లాజీ లంగరు తాడు భుజాన వేసుకుని అంచు మీద కూర్చున్నాడు.

"బావా, దిగి సూత్తాను."

"దిగు," అన్నాడు కొర్లయ్య.

అరుగు మీంచి వాకిట్లోకి దిగినట్టు దిగాడు ఎల్లాజీ. కాలు మా మీద ఆనింది, ఆననట్టే కిందికి పోయింది. ఆ ముఖం నేను దగ్గర్నుంచి చూశాను. అందులో భయం ఇంకా రాలేదు. మెట్టు ఉందనుకున్నచోట మెట్టు లేనప్పుడు మనిషి ముఖంలో ఉండే వెర్రి ఆశ్చర్యం మాత్రమే ఉంది. చేతులు చాపి మమ్మల్ని పట్టుకున్నాడు. పట్టుకున్న ప్రతి రాయీ జారింది. మునిగేవాడికి గడ్డిపోచ కూడా ఆసరా అంటారు. ఆ పూట ఆసరా నేనయ్యాను. అతని గుప్పిట్లో చిక్కి, అతనితోపాటు కిందికి పోయాను.

మా పైన మావాళ్ళు మూసుకున్నారు. గాదెలో చెయ్యి పెట్టి తీస్తే ధాన్యం సర్దుకున్నట్టు, మనిషి దిగిన గుర్తు కూడా లేకుండా సర్దుకున్నారు. పైన పట్టపగలు, కింద కటిక చీకటి. ఎల్లాజీ ఈతగాడే. పైకి వచ్చాడు, తల మూరెడు మందం రాళ్ళకు తగిలింది. నోరు తెరిచాడు, నోట్లోకి గులకలు, నీళ్ళు. నేను నాకు చేతనైనంత పైకి లాగాను. నాలో ఉన్న గాలి ఒక మనిషికి చాలదు.

పైన ఏం జరిగిందో తర్వాత దానయ్య పదిమందికి చెబుతుంటే విన్నాను. కొర్లయ్య బొమ్మలా నిలబడిపోయాడట.  గట్టు పుడితే గట్టనుకున్నాడు. ఆ గట్టు మనిషిని మింగితే ఏమనుకోవాలో అతని దగ్గర మాట లేదు. ఒక కళాసీ తాడు లాగాడు. ఉత్త తాడు వచ్చింది. ఆ ఉత్త తాడు చూశాకే కొర్లయ్యకు ఒంట్లో చలనం వచ్చింది. దాన్నే నడుముకు చుట్టుకుని, ఎల్లాజీ దిగిన చోటుకు ఒక బార అవతలగా దూకాడు.

చీకట్లో అతని చెయ్యి ముందు నాకే తగిలింది. నన్ను తోసేసి, నన్ను పట్టుకున్న గుప్పిటను పట్టుకున్నాడు. తాడు బిగుసుకుంది. పైనుంచి అందరూ కలిసి లాగుతుంటే ఆ ఇద్దరూ రాళ్ళను చీల్చుకుంటూ పైకొచ్చారు. మేం మెత్తగా కనిపిస్తాం గానీ మా ఒళ్ళంతా పగిలిన గాజు. వాళ్ళ ముఖాలూ భుజాలూ ఎక్కడికక్కడ గీసుకుపోయి రక్తం కారుతోంది.

ఎల్లాజీకి ఊపిరి లేదు. గంప బోర్లించి, దాని మీద అతన్ని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కారు. కొర్లయ్య నొక్కుతూనే ఉన్నాడు. చాలు, ఇక వదిలెయ్యమని ఎవరూ అనలేకపోయారు, అందరి మనసులోనూ అదే మాట ఉన్నా. ఆఖరికి నోట్లోంచి నీళ్ళూ రాతిపొడీ పడ్డాయి. ఒక దగ్గు. ఆ తర్వాత ఊపిరి, చిల్లుపడ్డ కొలిమితిత్తి ఈలవేసినట్టు. కళ్ళు తెరిచాడు గానీ ఎవర్నీ చూడలేదు. పిలిస్తే పలకలేదు. గుప్పిట విప్పలేదు. అందులో నేనున్నాను.

అతన్ని తొందరగా ఒడ్డు చేర్చాలి. దానయ్య గొట్టం విప్పి రాళ్ళు రాల్చాడు. మళ్ళీ పెడితే మళ్ళీ మేమే దూరాం. ఎన్నిసార్లు చేసినా అంతే. చల్లటి నీళ్ళు లేకుండా నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది. చుట్టూ సముద్రం ఉంది, ఇంజనుకు తాగడానికి గుక్కెడు నీళ్ళు లేవు.

కొర్లయ్య చేపల గది మూత ఎత్తి లోపలికి చూశాడు. రోజుల తరబడి పట్టిన వేట ఐసులో ఉంది. కోనాములు, సూరలు, వెండిలా మెరుస్తూ. అడుగున కరిగిన ఐసు నీళ్ళు నిలిచాయి. అతని ఆలోచన దానయ్యకు అర్థమైంది. వేటంతా కుళ్ళిపోతుందనీ, ఇన్ని కుటుంబాలు దీని మీదే ఉన్నాయనీ, కాసేపు ఆగితే గాలి మారి రాళ్ళు విడిపోవచ్చనీ నచ్చజెప్పబోయాడు. కొర్లయ్య తల ఎత్తకుండానే అన్నాడు.

"సేప మళ్ళీ దొరుకుద్ది మావా. ఆడు దొరకడు. గొట్టం ఐసు నీళ్ళల్లో పెట్టు."

పెట్టారు. ఇంజనుకు చల్లనీళ్ళు అందాయి. వేడెక్కి బయటికొచ్చిన నీళ్ళను మళ్ళీ ఐసు మీదికే వదిలారు. ఐసు కరుగుతోంది, ఇంజను నడుస్తోంది. బోటు నత్తలా మావాళ్ళను తోసుకుంటూ కదిలింది. చల్లారడం వల్ల రాయినైన దాన్ని నేను. చల్లారడం వల్ల ఒక ఇనుము బతకడం చూస్తూ, ఆ కొనఊపిరి మనిషి గుప్పిట్లో పడి ఉన్నాను. ఐసు అంతా అయిపోయి, చేపలు ఉడికిన వాసన వేసే వేళకు నీలం నీళ్ళు కనిపించాయి. వేటను సముద్రంలోకి గుమ్మరించేశారు. 

ఒడ్డున ఆసుపత్రిలో ఎల్లాజీని కొన్నాళ్ళు ఉంచారు. గుండె నిమ్ము తగ్గింది, గాయాలు మానాయి. గొంతులో ఏ లోపమూ లేదన్నారు. అయినా మాట లేదు, గుప్పిట్లో నన్నూ వదల్లేదు. అక్కాబావల ఇంటికొచ్చాక అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. పెళ్ళాం ముద్ద కలిపి ఇస్తే తినేవాడు, పిలిస్తే చూసేవాడు. అంతే. మాటలపుట్ట అలా బిగుసుకుపోతే చూడలేక పేటవాళ్ళు ఆ వీధిన రావడమే తగ్గించారు.

ఒక మధ్యాహ్నం అతను నిద్రపోతుంటే నూకరత్నం అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి నన్ను తీసింది. తమ్ముణ్ణి ముంచిన రాయి. పళ్ళు కొరికి, బలంకొద్దీ పెరట్లో నీళ్ళ గోలెంలోకి విసిరింది. దబ్బున మునగాల్సిన దాన్ని టప్పున పైకొచ్చి తేలాను.  ఆవిడ మెల్లగా వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుంది. కాసేపటికి దగ్గరికొచ్చి నన్ను వేలితో ముంచింది. నేను లేచాను. మళ్ళీ ముంచింది. ఇరుగమ్మ వచ్చింది, పొరుగమ్మ వచ్చింది, పొద్దుగూకేలోగా పేటంతా వచ్చింది. మగవాళ్ళు చెప్పిన కథను అప్పటిదాకా సగం మందికి పైగా నమ్మలేదు. ఇప్పుడు నోళ్ళు తెరుచుకుని గోలెం చుట్టూ నిలబడ్డారు.

రాయి తేలితే ఏం చెయ్యాలో మనుషులకు ఒక్కటే తెలుసు. పసుపు పూశారు. గంగమ్మ తల్లి ఎల్లాజీ చేత పంపించిందన్నారు. పేట పెద్ద ఇత్తడి పళ్ళెం తెచ్చి, మంచినీళ్ళు పోసి, చావడిలో నన్ను తేలబెట్టాడు. ఒక మనిషిని దాదాపు చంపిన సంగతి ఆ పసుపు కింద కనపడకుండా పోయింది. సర్కారు ఏటా రెండు నెలలు వేట ఆపే నిషేధం రోజులు కావడంతో అందరికీ తీరిక. వచ్చినవాళ్ళు ఊరికే మొక్కి పోతే బాగుండేది. తాయెత్తులో పెట్టుకుంటామని నన్ను గోటితో, చాకుతో గీకి పొడి తీసుకుపోయారు. నా పైపొర కిందే నా బుడగలున్నాయి. గీకిన చోటల్లా ఒక బుడగ తలుపు తెరుచుకుంది. పైగా ఉప్పునీళ్ళ మీద తేలినంత సులువుగా మంచినీళ్ళ మీద తేలలేను. మంచినీరు పలచన. రోజురోజుకూ కొంచెం కొంచెం కిందికి దిగుతున్నాను. కళ్ళు మూసుకుని దండం పెట్టేవాళ్ళకు అది కనిపించలేదు.

నూకరత్నం ఒక్కసారి కూడా చావడికి రాలేదు. కొర్లయ్య వచ్చాడు, ఒకే ఒక్కసారి. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టేముందు కాలివేళ్ళతో నేలను తడిమి చూసుకుంటున్నాడని అప్పటికే పేటలో చెప్పుకుంటున్నారు. బోటు వేరే సరంగుకు అప్పజెబుతానని దానయ్యతో అన్నాడట.

నిషేధం ముగిసి బోట్లు కదిలే రోజొచ్చింది. ఎండ నడినెత్తికి రాకముందే పేటంతా చావడి ముందు చేరింది. అందరూ నన్ను తాకి వెళ్ళాలి. పేట పెద్ద హారతి వెలిగించాడు. అప్పుడు నాలో చివరి బుడగల్లో ఒకటి నీటితో నిండింది. నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కసారి అటూ ఇటూ ఊగాను. ఠంగుమని పళ్ళెం అడుగున కూర్చున్నాను.

 హారతి పళ్ళెం పేట పెద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. కర్పూరం కాలి చెయ్యి చురుక్కుమన్నదాకా అతనికి తెలియలేదు. ఎవరో ముసలమ్మ సన్నగా ఏడుపు మొదలెట్టింది. తల్లి దిగిపోయిందన్నారు. ఈ ఏడు సముద్రం మీదికి పోతే ఎవరూ తిరిగి రారన్నారు. బోట్లెక్కిన కళాసీలు దిగొచ్చేశారు. రెండు నెలలుగా పొయ్యిలు అంతంతమాత్రంగా వెలుగుతున్న పేట అది. ఇంకా ఎన్నాళ్ళు ఆగాలో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అంతలో వెనకనుంచి ఒక గొంతు లేచింది. ఇదంతా ఎల్లాజీ తెచ్చిన కీడనీ, సముద్రం పట్టుకున్న మనిషిని లాక్కొచ్చారు గనక అది మళ్ళీ అడుగుతోందనీ, అతను పేటలో ఉన్నంతకాలం బోటు కదలకూడదనీ. కాదన్నవాళ్ళు లేరు. చూపులన్నీ కొర్లయ్య ఇంటివైపు తిరిగాయి.

ఎల్లాజీ అప్పటికే వస్తున్నాడు. అతను అరుగు దిగి నడవడం చూసి జనం తమకు తెలియకుండానే దారి ఇచ్చారు. వెనక నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. ఎవరైనా తమ్ముడి మీద చెయ్యి వేస్తే వాళ్ళ చెయ్యి విరిచేసేలా ఉంది ఆవిడ ముఖం. ఎల్లాజీ ఎవర్నీ చూడలేదు. పళ్ళెంలో చెయ్యి పెట్టి నన్ను తీశాడు. నేను ఇప్పుడు బరువుగా ఉన్నాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తలకిందులు చేసి పట్టుకున్నాడు. నా ఒంటి నిండా ఉన్న చిల్లుల్లోంచి నీళ్ళు చుక్క చుక్కగా అతని మణికట్టు మీద పడ్డాయి. చాలాసేపు చూశాడు.

"నీల్లు తాగీసింది," అన్నాడు.

గొంతు తుప్పు పట్టిన చీలలా ఉంది. తన గొంతుకు తనే అదిరిపడి ఆగాడు. అక్క వైపు తిరిగి మళ్ళీ అన్నాడు.

"నాలాగే. ఎండలో పెట్టప్పా. కక్కేత్తాది."

నూకరత్నం తమ్ముడి ముఖాన్ని రెండు చేతులా పట్టుకుంది. రాయి తేలినప్పుడూ, రాయి మునిగినప్పుడూ ఆ పేట అంతగా బిత్తరపోలేదు. ఒక మనిషి మాట్లాడితే బిత్తరపోయింది. కీడన్న గొంతు ఎవరిదో ఇంకెప్పటికీ తేలలేదు, ఎందుకంటే ఆ తర్వాత ఆ మాట నేననలేదంటే నేననలేదన్నారు అందరూ.

కొర్లయ్య జనం చివర నిలబడి ఉన్నాడు. దగ్గరికొచ్చే ధైర్యం లేదు. ఎల్లాజీయే అతని దగ్గరికి నడిచాడు.

"నానే దిగమన్నాను కదరా," అన్నాడు కొర్లయ్య. నెలల తరబడి గొంతులో పెట్టుకున్న మాట అది.

"నా కళ్ళకీ గట్టే కనపడింది బావా," అన్నాడు ఎల్లాజీ. అతని చెయ్యి పట్టుకుని, "సీకట్లో నా సెయ్యి నీకెలా దొరికిందో సెప్పు ముందు," అన్నాడు.

కొర్లయ్య ఏడ్చాడు.

బోట్లు ఆ రోజు కదల్లేదు. మర్నాడు కదిలాయి. మొదటి బోటు కొర్లయ్యదే. ఎల్లాజీ ఎక్కలేదు. ఆ తర్వాత కూడా ఎక్కలేదు. రేవులో వలలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. వల కుడుతూ మళ్ళీ వాగడం మొదలెట్టాడు. నీళ్ళంటే మోకాలు దాటనివ్వడు. ఎవరైనా వేళాకోళం చేస్తే తనూ నవ్వుతాడు గానీ ఇంకొక అడుగు వెయ్యడు.

నన్ను ఇంటి పెంకుల మీద, ఉప్పుచేపల పక్కన ఆరబెట్టారు. వారం తిరక్కుండానే తాగిన నీళ్ళన్నీ కక్కి మళ్ళీ తేలికయ్యాను. పేట పెద్ద కబురు పెట్టాడు, చావడికి పంపమని. నూకరత్నం పంపలేదు. అలాగని పారెయ్యలేదు. పెరట్లో బట్టలుతికే బండ పక్కన పెట్టింది. ఆవిడ మడమలు పగుళ్ళు. రోజూ స్నానానికి ముందు నాతో రుద్దుకుంటుంది. రుద్దిన కొద్దీ నా బుడగల గోడలు విరిగి పొడి అవుతాయి. ఆ పొడి తేలదు. గాలి లోపల లేకపోతే నేనూ అందరిలాంటి రాయినే, నీటికన్నా బరువే. బండ మీద నిలిచిన తడిలో బూడిదరంగు మడ్డిలా అడుక్కి దిగి కూర్చుంటుంది. నూకరత్నం చెంబుడు నీళ్ళు గుమ్మరించి దాన్ని కాలవలోకి తోసేసి, కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోతుంది. అన్నం వార్చాలి. వలల దగ్గర తమ్ముడు ఆకలని అప్పుడే కేకలు మొదలెట్టాడు.